పేజీ నంబరు మీద బొటనవేలు

షఫీఖ్ భాయ్ అడగాల్సింది అడిగేసి, తన బకెట్ తాను పట్టుకొని మెట్లు దిగిపోయాడు. పరశురాం చేతిలోని తడి చొక్కా మాత్రం పిండకుండా అలాగే ఉండిపోయింది, దాని చేతుల్లోంచి నీళ్లు అతని పాదాల మీదికి కారుతున్నాయి. ఎనిమిదిన్నర. ఇక్కడ, ఈ అరబ్బు దేశంలో, ఎనిమిదిన్నర అంటే అక్కడ పదకొండు. పదకొండంటే జగిత్యాలలో సరిత పరీక్ష మొదలై రెండు గంటలైంది, ఇంకా ఒక్క గంట ఉంది. ఆమె ఫోను హాలు బయట బల్ల మీద, చేతిసంచి అడుగున, నోరు నొక్కేసుకొని పడి ఉంటుంది. ఏ దేశం నుంచి ఎవరు ఎంత మొత్తుకున్నా ఈ గంటసేపు సరితకు వినపడదు. షఫీఖ్ భాయ్ కంపెనీ బస్సు నడుపుతాడు, బోధన్ మనిషి. పరశురాం తన భార్య సరిత కోసం చదివి రికార్డు చేసి పంపే పాఠాలు బస్సులో పెట్టుకొని వింటాడు, పాటల కన్నా బాగుంటాయంటాడు. ఇన్నాళ్లూ ఒక్క ప్రశ్న వేసినవాడు కాదు. వేయక వేయక ఇవాళ వేశాడు.

"పరశురాం భాయ్, ఒక్కటి సమజ్ కాలే నాకు. ఆ ఇటలీ ఆయన, ముస్సోలినీ, రైలెక్కి వచ్చి ప్రధానమంత్రి అయిండంటివి. మల్ల అదే పాఠంల బీరు దుకాణంల లొల్లి చేసి జైలుకు వోయిండంటివి. ప్రధానమంత్రిని ఎవడు జైల్ల ఏసిండు?"

"రాజు ఏసిండేమో భాయ్."

"రాజే గద పిలిచి కుర్సీల కూసోపెట్టింది! సూస్కో మియా, ఎక్కడనో తీగ తెగింది."

తీగ తెగింది. పరశురాం చొక్కాను బకెట్లో పడేసి, చేతులు లుంగీకి తుడుచుకొని, నీళ్ల ట్యాంకు నీడలో బోర్లించిన డబ్బా మీద కూర్చొని ఫోను తెరిచాడు. సరిత పంపిన పేజీల ఫోటోలు, మొత్తం పదకొండు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య నియంతృత్వ ప్రభుత్వాల పెరుగుదల. ప్రతి ఫోటోలోనూ కింది మూలన ఆమె ఎడమచేతి బొటనవేలు ఉంది. ఆ పుస్తకం లావుది, పట్టుకోకపోతే దానంతటదే మూసుకుంటుంది. అందుకని ఒక చేత్తో పేజీ నొక్కి పట్టి, ఇంకో చేత్తో ఫోటో తీస్తుంది. బీడీ కొసలు లోపలికి మడిచే వేలు అది, గోరు కింద తంబాకు రంగు ఎన్నిసార్లు కడిగినా పోదు. పక్కన చిన్నప్పుడు కొడవలి తగిలిన గీత. ఈ రెండేళ్లలో పరశురాం ఏ ఫోటో తెరిచినా ముందు చూసేది ఆ వేలినే. చూసి, దాని దగ్గర కాసేపు ఆగి, తర్వాత పైకి వెళ్లి మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెడతాడు. వేలి కింద ఏముందో ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు. నాలుగో ఫోటోలో వేలు కొంచెం జారింది, దాని పక్కన తొమ్మిది తల బయటికి చూస్తోంది. ఐదో ఫోటోలో నాలుగు. తొమ్మిది తర్వాత నాలుగు. కూలీల క్యాంపు నెట్‌లో ఫోటోలు ఒక్కటొక్కటిగా దిగుతాయి, రానివాటిని మళ్లీ నొక్కాలి, ముందు దిగింది ముందు కూర్చుంటుంది. అతను ఫోను పేర్చిన వరసలో చదివాడు. రెండువందల పదమూడో పేజీలో రోమ్ చేరిన మనిషి రెండువందల పంతొమ్మిదిలో మ్యూనిక్‌లో తేలాడు. మ్యూనిక్ అంటే ఇటలీలోనే ఇంకో ఊరనుకున్నాడు పరశురాం. పైగా ఆ పేజీలో "నాయకుడు" అని మాత్రమే ఉంది. ఏ నాయకుడని అడగాలని తోచలేదు. జైలుకు పోయినవాడు జర్మనీ హిట్లర్, ఇటలీ ఆయన కాదు. ఇద్దరు మనుషులను కుట్టి ఒక్క మనిషిని చేశాడు తను, వర్క్‌షాపులో రోజూ రెండు రేకులు మడిచి కొట్టి ఏసీ గాలి పోయే ఒక డక్టు చేసినట్టు, అతుకు కనబడకుండా.

ఆ డక్టు మనిషిని సరిత ఇప్పుడు కాగితం మీద పెడుతూ ఉంటుంది. ఫాసిజం పెరుగుదలకు కారణాలు వివరింపుము. సరిత చేతిరాత గుండ్రంగా ఉంటుంది, ఆ గుండ్రటి అక్షరాల్లో ప్రధానమంత్రి బీరు దుకాణానికి పోతాడు, దిద్దే సారు కళ్లద్దాలు పైకి జరుపుకుంటాడు, ఎర్ర పెన్ను మూత తీస్తాడు. ఈ పేపరు రెండుసార్లు పోయింది. మిగతావన్నీ పాసైంది, ఇదొక్కటే దారికి అడ్డం పడుకుంది. డిగ్రీ చేతికొస్తే అంగన్‌వాడీ సూపర్‌వైజర్ పరీక్ష రాయొచ్చని ఆమె లెక్క. పోయిన వారం ఫోనులో, నవ్వుతూనే, "ఈసారి గిన పోతె ఇగ సదువు బంద్ పెడ్త" అంది. పరశురాం కూడా నవ్వాడు, ఫోను పెట్టేసిన తర్వాత లెక్క వేసుకున్నాడు. చదువు బంద్ అంటే ఫోటోలు బంద్. ఫోటోలు బంద్ అంటే తన గొంతు ఆ ఇంట్లో బంద్. తొమ్మిదేళ్లలో ఆ ఇంటికి తను చాలా పంపాడు, దుప్పట్లు, మిక్సీ, వాచీలు, అత్తరు సీసాలు. అవన్నీ ఇంట్లో ఏదో ఒక మూలన ఉండే వస్తువులు. గొంతు ఒక్కటే రోజూ ఆ ఇంట్లో తిరుగుతోంది, బీడీల చాట చుట్టూ, పొయ్యి చుట్టూ. దాన్ని తన చేతులతో తనే పాడుచేసుకున్నాడా?

అది మొదలైన తీరు తలుచుకుంటే ఇంత భయంలోనూ అతనికి నవ్వొచ్చింది. పుస్తకం కళ్ల ముందుంచుకొని కూడా ఎందుకు చదవలేకపోతున్నావని అడిగితే సరిత చెప్పింది, చేతులు ఆకు మీద, కండ్లు ఆకు మీద, జర చూపు తప్పితె ఆకు చినుగుతది, ఖాళీగ ఉన్నయి చెవులే. చెవులే. ఆ మాట పరశురాం బుర్రలో రెండు రోజులు మోగింది. తూబ్లీ వర్క్‌షాపులో మధ్యాహ్నం అన్నం వేళ సుత్తులన్నీ ఆగిపోయినప్పుడు, పెద్ద హాలు కోసం చేసిన డక్టు ఒకటి నేల మీద పడుకోబెట్టి ఉంటే, మనిషి కూర్చునేంత వెడల్పుంటే, ఎవరూ చూడకుండా అందులో దూరాడు. సిగ్గుతో గొణుగుతూ మొదటి వాక్యం చదివాడు. రేకు ఆ వాక్యాన్ని పట్టుకొని, పెంచి, గుండ్రంగా చేసి అతనికే తిరిగి ఇచ్చింది. అది అతని గొంతు కాదు. పదో తరగతిలో సోషల్ తప్పిన పరశురాం గొంతు కాదు. వెనకటి రేడియోలో వార్తలు చదివే పెద్దమనిషి ఎవరో తనలో ఇన్నేళ్లూ కాళ్లు ముడుచుకొని కూర్చొని, ఇప్పుడు లేచి ఒళ్లు విరుచుకున్నట్టనిపించింది. నాలుగు రోజులకు డక్టు బయట ఒక టిఫిన్ డబ్బా చప్పుడు వినిపించింది. వారం తిరిగేసరికి ఏడెనిమిది డబ్బాలు. లింగన్న, రూములో అందరికన్నా పెద్దవాడు, డక్టు నోటి దగ్గర బాసింపట్టు వేసుకొని అన్నం కలుపుకుంటూ, "సదువుర తమ్మీ, నిన్న జర్మనీల రొట్టె పిరమైంది, మల్లేమైంది?" అనేవాడు. బండి నిండా నోట్లు నెట్టుకొని పోతే ఒక్క రొట్టె రాలేదంట. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పని లేదంట, మెడల్స్ జేబులో వేసుకొని తిరిగారంట. ఆకలైనవాడికి ఎవడో ఒకడు గట్టిగా, నాకు తెలుసు దారి, అని చెప్తే ఎంత హాయిగా ఉంటుందో డక్టు చుట్టూ కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. వీసా ఏజెంట్లు కూడా అలాగే చెప్తారు, అన్నాడు లింగన్న. అందరూ ఒక్కసారిగా నవ్వారు.

ఇటలీ ఆయన తండ్రి కమ్మరి అని చదివినప్పుడు వర్క్‌షాపు మొత్తం చప్పట్లు కొట్టింది, మనోడే అన్నారు, రేకు మనిషే అన్నారు. పాపం, ఆ తర్వాత ఆయన చేసిన పనులు వింటూ ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవడానికి వారం పట్టింది. నల్లచొక్కాల మనుషులు వానలో తడుస్తూ రోమ్ దాకా నడిచారు, నడిపించినవాడు మాత్రం రైల్లో పడుకొని వచ్చాడు. అక్కడ లింగన్న ముద్ద నోట్లో పెట్టుకోవడం ఆపి, "ఆఁ, మరి మన సూపర్‌వైజర్ ఏసీ కార్ల రాడా" అన్నాడు. ఇటలీ ఆయన బాల్కనీ ఎక్కి ఉపన్యాసమిచ్చే వర్ణన చదివిన రోజు పరశురాం డక్టులోంచి బయటికొచ్చి, రేకుల దొంతర మీదికెక్కి, నడుము మీద చేతులు పెట్టి, గడ్డం పైకెత్తి చదివాడు. లింగన్న నవ్వీ నవ్వీ వెనక్కి పడిపోయాడు, పెరుగు ఒలికిపోయింది. ఆ నవ్వంతా ఫోనులో రికార్డయింది, సరితకు వెళ్లింది, సరిత చాట చుట్టూ కూర్చున్న ఆడవాళ్లకు వినిపించింది. ఆ రోజు రాత్రే అనుకున్నాడు, నియంతల గురించి చదువుతూ ఇంత సంతోషపడటం తప్పేమో అని. కానీ ఆ సంతోషం వాళ్ల గురించి కాదు. తెలుసుకోవడంలో ఉన్న సంతోషం అది. ఎన్నో ఏళ్లుగా ఒంట్లో ఎక్కడో గుచ్చుకుంటున్న ముల్లు ఎక్కడుందో వేలికి తగలడం లాంటిది. ముల్లు ఇంకా ఉంది, కానీ తగిలింది.

ఆ ముల్లు నాయన దగ్గు. పాఠంలో ఒక వాక్యం ఉంది, ప్రజలు ఆజ్ఞ లేకుండానే మౌనం వహించసాగిరి అని. ఆ వాక్యం దగ్గర డక్టులో పరశురాం మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు ఆగాడు. నాయన ఎవరినీ కొట్టినవాడు కాదు. సాయంత్రం దర్వాజ బయట ఒక్కసారి దగ్గేవాడు. అంతే, లోపల ఆరుగురి మాటలు ఎక్కడివక్కడ ఆగిపోయేవి, చెల్లె పాట, తమ్ముడి గోలీల చప్పుడు, అమ్మ చేతిలో గంటె. ఆయన చెప్పలేదు ఆపమని. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. దగ్గు వచ్చేది, ఇల్లు సద్దుమణిగేది, ఆయన అన్నం తిని పడుకునేవాడు, పాపం ఆ ఇంట్లో ఎప్పుడూ మాటలే ఉండవని ఆయన అనుకొని ఉంటాడు. అయితే ఒకసారి, అదీ గుర్తుంది పరశురాంకు, నాయన దగ్గాడు, అందరూ ఆగారు, ఆ ఆగిన గదిలో మేక ఒకటి వంటింట్లోంచి సొరకాయ నోట కరచుకొని తీరిగ్గా నడుచుకుంటూ వచ్చి నాయన ముందు నిలబడి నమిలింది. అమ్మ, పోచవ్వ, ఆపుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. నాయన అమ్మను చూశాడు, మేకను చూశాడు. ఆయన మొహంలో ఏదో వెతుకులాట, ఇప్పుడు ఏ మొహం పెట్టాలా అని. దొరకలేదు. ఆయన కూడా నవ్వాడు, పళ్లన్నీ కనబడేట్టు. ఆయన పళ్లు ఎట్లా ఉంటాయో పిల్లలకు ఆ రోజే తెలిసింది. మర్నాటి నుంచి మళ్లీ దగ్గే. ఆ నవ్వు ఇంకో నాలుగు రోజులు ఎందుకు నిలవలేదా అని పరశురాం ఇప్పటికీ అనుకుంటాడు. నిలవాలంటే ఎవరో ఒకరు రోజూ నవ్వాలి కాబోలు, ముందుగా.

తూబ్లీ ఉప్పునీటి మడుగు మీంచి గాలి లేచింది. శుక్రవారం పొద్దున్న మిద్దె మీద నాలుగు తాళ్ల నిండా డ్యూటీ బట్టలు, నీలంరంగు కవరాళ్లు, కాలరు నుంచి కాళ్లదాకా ఒకే కుట్టువి, భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి ఆరేసినవి. వరసగా, ఒకే ఎత్తులో, తలలు లేకుండా. ఇన్నేళ్లుగా చూస్తున్నవే, ఇవాళ కవాతుకు నిలబడ్డట్టు కనిపించాయి. పాఠంలో ఒక బొమ్మ ఉంది, మైదానం నిండా మనుషులు, పైనుంచి తీసింది, చెక్కిన గీతల్లా ఉన్నారు. ఆ బొమ్మలో మొహాలు వెతికి వెతికి పరశురాం ఒక్కటీ పట్టుకోలేకపోయాడు. ఇప్పుడు గాలి ఒక్కసారి గట్టిగా కొట్టింది, నీలం చేతులన్నీ ఒకేసారి పైకి లేచాయి, సలాము. పరశురాం వెన్ను నిటారుగా అయింది. తనకు తెలియకుండానే అయింది, దాన్ని అతను గమనించాడు, సిగ్గుపడ్డాడు. అంతలో గాలి తిరిగింది, ఒక కవరాలు పక్కదాన్ని కౌగిలించుకుంది, మూడోది కాలు విసిరింది, చివర్న లింగన్నది, కుడి జేబు చినిగినది, తనకు తానే ముడిపడి గిరగిరా తిరిగింది. సైన్యం కాస్తా పెళ్లి బరాతులో చిందులేసే గుంపైపోయింది. పరశురాం పగలబడి నవ్వాడు, ఒక్కడే, మిద్దె మీద.

నవ్వుతూ ముందుకు వంగితే తొడలో ఏదో గుచ్చుకుంది. పొద్దున్నుంచి గుచ్చుకుంటూనే ఉంది, లుంగీ కింది నిక్కరు జేబులో, పట్టించుకోలేదు. చేయి పెట్టి తీశాడు. రూము ఏసీ రిమోట్. జనవరి నెల. చలికి అందరూ రెండు దుప్పట్లు కప్పుకుంటున్నారు. అక్టోబరు చివరి నుంచి ఆ ఏసీని ఎవరూ ముట్టలేదు. అయినా రిమోట్ తన జేబులో ఉంది. ఎప్పటి నుంచి? మూడేళ్ల కింద ఏసీ చెడిపోయినప్పుడు హిందీ బాగా వస్తుందని తనను ఆఫీసుకు పంపారు, మెకానిక్ రిమోట్ తన చేతికిచ్చాడు. ఎవరూ ఎన్నుకోలేదు. ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి అది తన దిండు కింద పడుకుంది. ఎండాకాలంలో లింగన్న తడి తువ్వాలు మొహం మీద వేసుకొని, "తమ్మీ, రెండు తగ్గిస్తవా" అని అడిగేవాడు. తగ్గిస్తవా! యాభై ఎనిమిదేళ్ల మనిషి. తను ఒక్కోసారి తగ్గించేవాడు, ఒక్కోసారి నిద్రపోయినట్టు నటించేవాడు. ఆ నటించడంలో ఒక తియ్యదనం ఉండేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాడు, తంబాకు లాంటి తియ్యదనం. పాఠంలోని పెద్దమనుషులందరూ ఎక్కడో దూరాన, కోట్ల మనుషుల దేశాల్లో ఉన్నారనుకున్నాడు. ఆరు మంచాల రూములో, రెండు బ్యాటరీలతో కూడా పని జరుగుతుంది. చిత్రం, ఇది తెలిసినందుకు బాధ కలగలేదు. మేకను చూసిన నాయనలాగా, ఏ మొహం పెట్టాలో తెలియక, మళ్లీ నవ్వొచ్చింది.

నవ్వు తగ్గాక గంట చూశాడు. తొమ్మిదీ పది. భయం తిరిగొచ్చి, తన చోట తాను కూర్చుంది. ఏం చెప్పాలి ఆమెకు? ముందుగా తనే చెప్పాలి, ఆమె సంతోషంగా ఏదైనా అనకముందే. లేక చెప్పకుండా ఉంటేనో, ఫలితాలు వచ్చేదాకా? సారుకు కూడా తెలియకపోతేనో? ఏదో ఒకటి రాసిందిలే అని మార్కులు వేస్తేనో? పాఠంలో పత్రికలు మూసేసినవాళ్లు కూడా మొదట ఇట్లాగే అనుకొని ఉంటారు, ఇప్పుడే ఎందుకు జనాన్ని కంగారు పెట్టడం అని. మడుగులో నీళ్లు తగ్గి బురద మెరుస్తోంది, అందులో గులాబీ రంగు కొంగలు, చలికాలం చుట్టాలు, తలలు తలకిందులుగా నీళ్లలో ముంచి వెతుక్కుంటున్నాయి. తలకిందులుగా చూస్తే వాటికి లోకం సరిగ్గా కనబడుతుందేమో. సరితకు వాటి ఫోటో పంపితే నమ్మలేదు, రంగేసినవ్ అంది. తొమ్మిదీ ఇరవై. ఆమె ఇప్పుడు చివరి పేజీకి దారం కడుతుంటుంది, బీడీ కట్టకు చుట్టినట్టు రెండు చుట్లు, ఒక ముడి. తొమ్మిదిన్నర. హాలు తలుపు తెరుచుకుంది. ముప్ఫై రెండు. సంచి వెతుక్కుంటోంది. ముప్ఫై ఆరు. ఎవరితోనో మాట్లాడుతోంది, ఏడుస్తోందా? నలభై. పరశురాం లేచాడు, తాళ్ల మధ్య నడిచాడు, తడి చేతులు చెంపలకు తగిలాయి. నలభై మూడుకు ఫోను మోగింది. పేరు చూస్తూ రెండు మోతలు ఊరకే పోనిచ్చాడు.

"ఏమయ్యా, బట్టలు పిండుడైందా?"

"సరితా, ఆగు. ముందుగాల నేను చెప్పేది ఇను." ఊపిరి తీసుకున్నాడు. "నేను పాఠం తప్పు సదివిన. పేజీలు కిందిమీదైనయి. జైలుకు వోయింది ఇటలీ ఆయన గాదు, జర్మనీ ఆయన. నేను నీకు ఇద్దర్ని కలిపి ఒక్కన్ని చేసి పంపిన."

అటువైపు బస్సు హారను, ఎవరో పల్లీలు అమ్ముతున్నారు. తర్వాత సరిత నవ్వు, ముందు ముక్కులోంచి, తర్వాత మొత్తం.

"గిదా? గిందుకా గొంతు గట్ల వణుకుతాంది? నాకు మొదటి దినమే ఎరుక."

"ఎరుకనా?"

"పుస్తకం నా దగ్గర్నే ఉండె గదయ్యా! నాతోని బీడీలు చేసే ముత్తెమ్మక్క చాట పక్కకు పెట్టి అడిగింది, ఏందే సరితా, కుర్సీల కూసున్నోడు జైలుకెట్ల వోయిండు అని. పుస్తకం తీసి సూసిన. సూసి ఆమెకు చెప్పిన. తెల్లారి ఇంకొకామె అడిగె. ఆమెకు చెప్పిన. అత్తకు చెప్పిన, అత్తకైతె నాలుగుసార్లు. రెండు బీడీ కట్టలు పెట్టి, గీడు ఇటలీ, గీడు జర్మనీ, గీడు ముందుగాల ఎక్కిండు, గాడు గీన్ని సూసి నేర్సుకున్నడు, జైలుకెళ్లి వచ్చినంక ఓట్లతోని ఎట్ల ఎక్కిండు, అన్నీ చెప్పిన. పదిమందికి పది తీర్ల. పోయినసారి గీ ప్రశ్నకు ఒక్క ముక్క రాయలే. ఇయ్యాల ఎక్స్‌ట్రా పేపర్లు రెండు తీసుకున్న. పక్కామె సూడవట్టె నా దిక్కు."

పరశురాం డబ్బా మీద కూర్చున్నాడు. లోపల, ఛాతీలో, డక్టులో మోగినట్టు ఏదో మోగుతోంది. తప్పు చదివినందుకు ఆమెకు చదువొచ్చింది. తను సరిగ్గా చదివి ఉంటే పదిమందీ తలలూపి, ఆకు కత్తిరించుకుంటూ వినేవాళ్లు, ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

"పాసైతవా?"

"ఐత. ఐనట్టే."

"మరి నాకెందుకు చెప్పలే, ఇన్ని దినాలు?"

"చెప్పాల్ననుకున్న. నువ్వు మస్తు ఊపుల సదువుతుంటివి. కోపానికొస్తవేమోనని."

"నాకెప్పుడొచ్చిందే కోపం?"

"రాలె. రాకున్నా."

రాకున్నా. ఆ చిన్నమాట దర్వాజ బయటి దగ్గులాగా వినిపించింది. అతను ఏనాడూ అరవలేదు, నాయనలాగే. పాఠంలో మూడుసార్లు ఆగిన వాక్యం ఇప్పుడు అర్థమైంది, దాని లోపలి వైపు నుంచి. అంతలో లింగన్న మెట్లెక్కి వచ్చాడు, కవరాళ్లు ఆరాయా అని ముట్టి చూస్తూ. పరశురాం ఫోను చెవికి పెట్టుకొనే రెండో చేత్తో రిమోట్ చాచాడు.

"అన్నా, ఇది నీ దగ్గర పెట్టు."

లింగన్న రిమోట్‌ను తిప్పి చూశాడు, పరశురాం మొహం చూశాడు. "సలికాలంల గిదెందుకుర నాకు? నన్ను సంపుతవా?"

"ఎండాకాలం వస్తది గద."

"ఎవరది, లింగన్న బాపేనా?" అంది సరిత ఫోనులోంచి. "నేను రాసిన్నని చెప్పు!" లింగన్న వినేశాడు, రిమోట్‌ను తాడు మీది తన కవరాలు చినిగిన జేబులో వేశాడు, అది చిరుగులోంచి జారి కాలి దగ్గర పడింది, ముగ్గురూ నవ్వారు, ఇద్దరు ఇక్కడ, ఒకరు జగిత్యాల బస్టాండులో. "ఇప్పటిసంది తప్పు సదివితె అక్కడ్నే చెప్త, సూస్కో," అంది సరిత. "అందరి ముందట్నే చెప్త."

"చెప్పు. నవ్వుకుంట చెప్పు."

"ఇంకోటి. సూపర్‌వైజర్ పరీక్షకు గూడ పుస్తకాలున్నయి, ఇంత లావుయి. రేపటిసంది పేజీలు పంపుత. ఈసారి నంబరు కనవడేటట్టు, వేలు తీసేసి తీస్తలే."

పరశురాం మడుగు వైపు చూశాడు. కొంగలన్నీ ఒకేసారి తలలెత్తాయి, ఒక్కటి తప్ప.

"నంబరు పైన పెన్నుతోని రాయి," అన్నాడు. "వేలు తియ్యకు."